మరల ములాంజె కొండ క్రిందకు

ఆఫ్రికాఖండపు ఆగ్నేయభాగమున, సముద్రతీర మించుకయు లేని మలావి యను చిన్నదేశము కలదు. అది తెలంగాణ రాష్ట్రముకంటె కొంచెమే పెద్దది. అందులోను ఐదవవంతు సరస్సు. ఆ సరస్సు 580 కిలోమీటర్ల పొడవున దేశమునకు తూర్పుటంచువలె ఉన్నది. ఇంగ్లీషువారి యేలుబడిలో న్యాసాలాండు అను పేరుతో నుండి, 1964లో స్వతంత్రమైనది. జనులు రెండుకోట్లకు పైన. పటమున వెదకి చూడవలసిన దేశమే గాని, మన వంటయింటికి అంత దూరమైనది కాదు. అచ్చటి దక్షిణజిల్లాలలో మొక్కజొన్న సాళ్లనడుమ కంది వేయుదురు. ఏటేట 50,000 టన్నుల కందులు ఆ దేశమునుండి తెప్పించుకొనుటకు 2021లో మన ప్రభుత్వము ఒడంబడిక చేసికొన్నది. మన సోదరీమణులు కాచు పప్పుచారులో ఆ నేల పంట ఎప్పుడైన కలిసి యుండవచ్చును.

దేశపు దక్షిణపుకొసను ములాంజె పర్వతమున్నది. చుట్టును చదునైన భూమి. నడుమ నొక్కసారిగా నల్లరాతిగోడవలె లేచి నిలిచినది. దాని శిఖరమగు సాపిట్వా 3,002 మీటర్ల యెత్తు. మన తూర్పుకనుమలలో అంతటి శిఖరము లేదు. కొండపాదమున తేయాకుతోటలు, అవి దాటి కొంతదూరము పోయిన మొజాంబిక్ దేశము. యునెస్కోవారు 2025 జూలైలో ఈ కొండను ప్రపంచవారసత్వస్థలముల పట్టికలో చేర్చిరి. మేము చూచునాటికి కొండపక్కల ఎర్రనిచార లుండెను. అవి 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వచ్చినపుడు మన్నును రాళ్లును జారిన గుర్తులు. ఆ తుపానులో మలావి దేశమున చనిపోయినవారును జాడ తెలియకపోయినవారును కలిసి వేయిమందికి పైబడిరి.

ఈ కొండక్రింద నొక చిన్న ఆసుపత్రిలో మేము 1992 మొదలు 1994 వరకు జీతములేక పనిచేసితిమి. మేమనగా భార్యాభర్తలము, ఒకరు శస్త్రవైద్యులు, ఒకరు శిశువైద్యురాలు. అప్పుడు మా వయస్సులు 37, 33. ఆసుపత్రివారు కోరినందున దాని పేరిక్కడ వ్రాయము. మొజాంబిక్ దేశమున 1977 నుండి అంతర్యుద్ధము జరుగుచుండెను. పదిలక్షలకు పైగా కాందిశీకులు మలావిలో తలదాచుకొనియుండిరి. ఆతిథ్యమిచ్చిన దేశపు జనసంఖ్య కోటి మాత్రమే. దానికితోడు ఆ యేడు వానలు లేవు. ఒక్కొక్క మంచముపై ఇద్దరు పిల్లలును, మంచముక్రింద తల్లులును ఉండెడివారు. మలేరియాకు క్వినైనే శరణ్యము. దానివలన చెవులు గింగురుమనుటయేగాక, పసిపిల్లలకు నెత్తురులోని చక్కెర పడిపోవుచుండెను. ఎయిడ్సు రోగులకు ఇచ్చుటకు మందే లేదు. ఇరువదియేండ్లు పైబడిన తల్లి ఎండి ఎముకలగూడై వచ్చును. ఆమెకు గంజియు, మంచిమాటయు, శుభ్రమైన దుప్పటియు ఇచ్చెడివారము. ఆ రెండేండ్లలో మా చేతులమీద ఎందరో బ్రతికిరన్నది నిజము. ఆ తల్లుల ముఖములు మాత్రము మా యిద్దరికిని మరపు రాలేదు.

ఆ కాలపు ముచ్చట యొకటి ఈ పత్రిక చదువు స్త్రీలకు చెప్పవలెను. అప్పటి పాలకులగు బండాగారు స్త్రీలు లాగులు ధరింపరాదనియు, మోకాళ్లు కనబడు దుస్తులు తొడుగరాదనియు చట్టము చేసియుండిరి. పాశ్చాత్యదేశములనుండి వచ్చిన నర్సులు విమానాశ్రయమున గుడ్డలు మార్చుకొనుచుండగా, మన గుంటూరు నేతచీర నెవరును ఒక్కమాట అనలేదు. బండాగారి ప్రభుత్వముతోపాటు ఆ చట్టమును పోయినది. 2012లో జాయిస్ బండా అను స్త్రీయే ఆ దేశమునకు అధ్యక్షురాలై రెండేండ్లు పాలించినది. వీరిద్దరికి పేరులోనేగాని చుట్టరికము లేదు.

ముప్పదియేండ్లు మన యూళ్లలో వైద్యము చేసి విశ్రాంతి తీసికొన్న తరువాత, ఆ ఆసుపత్రినుండి జాబు వచ్చినది. తమకున్న యొక్క డాక్టరు మూడునెలలు పైశిక్షణకు పోవుచున్నాడనియు, ఆ కాలమున సలహా చెప్పుటకును, నర్సులకు నవజాతశిశువుల సంరక్షణ నేర్పుటకును ఎవరైన పెద్దవారు రాగలరా యనియు దాని సారాంశము. హైదరాబాదులోని మా అమ్మాయి అది చదివి, "అమ్మా, నాన్నగారికి డెబ్బది వచ్చినవి, నీకు మోకాళ్లు వంగవు, అచ్చట మీకే జబ్బు చేసిన ఎవరు చూతురు?" అన్నది. "ఆసుపత్రిలోనే ఉందుము గదా తల్లీ" అని తండ్రి నవ్వులాటకు చెప్పెనుగాని, బిడ్డ మాట త్రోసివేయదగినది కాదు. అంతకంటె బరువైన ప్రశ్న మఱియొకటి యుండెను. మా యిద్దరి విమానపుటిక్కెట్ల సొమ్ముతో అచ్చటి నర్సు నొకతెను కొన్నినెలలు పోషింపవచ్చును. అట్లయిన ఆ సొమ్మే పంపి ఇంటిపట్టున నుండరాదా? ఈ లెక్క మేము కాగితముమీద వ్రాసి చూచితిమి. వ్రాసి, జాబు పంపినవారినే అడిగితిమి. నర్సులు మాకున్నారు, వారిప్రక్కన నిలువదగిన పాతవారు లేరు, అని ప్రత్యుత్తరము వచ్చినది. విహారమునకుగాని పేరునకుగాని పోవువారైన సొమ్ము పంపుటయే మేలని మేమిప్పటికిని తలంతుము. పిలిచినచోటికి, పిలిచినపనికి పోవుట వేరు.

గుంటూరువారమగు మాకు ఈ సందర్భమున కుగ్లరుదొరసాని తలపునకు వచ్చుట సహజము. ఆన్నా సారా కుగ్లరు అను నామె అమెరికాదేశమునుండి 1883లో గుంటూరు వచ్చినది. స్త్రీలకును పిల్లలకును ఆమె పూనికతో ఆసుపత్రి తెరచినది 1898లో. 1930లో ఆమె గుంటూరుననే కన్నుమూసినది. మాలో వైద్యురాలి తల్లి 1935లో పుట్టినది ఆ ఆసుపత్రిలోనే. పరాయిదేశపు వృద్ధురాలు మన స్త్రీలకు పురుడుపోసి, మన పిల్లలకు నర్సుపని నేర్పినదని విని పెరిగినవారము. మేము పరాయిదేశము పోవుట మా యింట వింతగా తోచలేదు.

ప్రయాణసన్నాహము వయస్సులో నున్నప్పటివలె కాదు. 1992లో రెండు పెట్టెలు సర్దుకొని బయలుదేరితిమి. ఈమారు మలావి వైద్యమండలియందు తాత్కాలికముగా పేరు నమోదు చేయించుకొనుటకే నెలలు పట్టినది. పట్టాల నకళ్లు, నడవడి పత్రములు, ఇటీవలివరకు పని చేసితిమను దాఖలాలు, అన్నియు పంపవలెను. మా రక్తపుపోటు మాత్రలు నాలుగునెలలకు సరిపడ, రెండుచోట్ల వేరువేరుగా కట్టుకొంటిమి. మలేరియా రాకుండ మ్రింగు మాత్రలును, జబ్బుచేసిన స్వదేశమునకు చేర్చు భీమాయును, కళ్లద్దములు రెండేసి జతలును చేరినవి. ఒక్కటి మాత్రము సులువైనది. 1992లో వేయించుకొన్న పచ్చజ్వరపు టీకా పుస్తకము ఇనుపపెట్టె యడుగున దొరకినది. ఆ టీకా పదియేండ్లకొకసారి వేయించుకొనవలెనను నియమము 2016లో పోయి, ఒక్కమారు వేయించుకొన్న జన్మమంతయు చెల్లునని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించినది. అరువది దాటినవారికి ఆ టీకా మొదటిసారి వేయుటలో కొంత అపాయము గలదు; కావున ఆ పాతపుస్తకమును కళ్లకద్దుకొంటిమి.

2025 జనవరిలో బొంబాయినుండి అడిస్ అబాబా మీదుగా బ్లాంటైరు చేరితిమి. పట్టణమున పెట్రోలుకై కార్లు వీధి పొడవున బారులుతీరి యుండెను. అచ్చటినుండి తేయాకుతోటల నడుమ గంటన్నర ప్రయాణము. అది వానకారు. మొక్కజొన్న నిలువెత్తు పెరిగినదిగాని కంకి రాలేదు. జనవరి మొదలు మార్చివరకు పల్లెవారి గాదెలు ఖాళీగానుండు కాలము; మలేరియా ఉధృతముగానుండు కాలమును అదియే. ఆకలియు జ్వరమును చేయిచేయి పట్టుకొని వచ్చును.

మునుపు మమ్ము డాక్టర్లని పిలిచిన ఊరు, ఈమారు 'అగోగో' యని పిలిచినది. అవ్వకును తాతకును వారికొక్కటే మాట. పిలుపు వినబడినపుడు ఇరువురము తిరిగి చూచెడివారము. తెల్లజుట్టునకు అచ్చట గల మర్యాద మెండు. దారిలో ఎదురైన బాలిక రెండుమోకాళ్లు వంచి పలుకరించి పోవును.

ఆసుపత్రి ఆవరణమున స్త్రీలు చూడదగినది వంటలసావడి. ఆ దేశమున రోగివెంట ఒక బంధువు తప్పక రావలెను. నీళ్లు పట్టి, వండిపెట్టి, గుడ్డలుతికి, రాత్రి ప్రక్కన పండుకొనునది ఆమెయే. తల్లియో, అక్కయో, అత్తగారో. సావడిలో మూడురాళ్ల పొయ్యిలు వరుసగా మండుచుండును. మొక్కజొన్నపిండిని మరుగునీట పోసి, పొడవైన తెడ్డుతో రెండుచేతుల గెలికి ముద్దచేయుదురు. దాని పేరు న్సీమా. మన రాయలసీమ సంకటికి అక్కచెల్లెలు. చేతితో ముద్దతీసి, బొటనవ్రేలితో గుంటచేసి, కూరలో ముంచుకొని తినవలెను. కూర గుమ్మడియాకుతో చేయుదురు. దంచిన వేరుసెనగపిండి అందులో కలిపి యుడికింతురు. మాలో వైద్యురాలు దానికి రెండు ఎండుమిరపకాయలు తాలింపువేసి చూపగా, సావడిలోని స్త్రీలందరు తుమ్ముచు నవ్విరి. మిరపకాయలును చింతపండును లింబేలోని గుజరాతీ అంగళ్లలో దొరకును. ఫిబ్రవరి వచ్చుసరికి పిండి లేనివారు మొక్కజొన్న తవుడు ఉడికించుకొనుట చూచితిమి. అట్టివారిప్రక్కన కూర్చున్నయామె తన ముద్దలో సగము విరిచి, మాటాడక, వారి పళ్లెమున పెట్టును.

వారి స్త్రీలు నడుమునకు చుట్టుకొను అద్దకపుగుడ్డను చితెంజె అందురు. సుమారు రెండుగజముల ముక్క. అదే ఉత్తరీయము, అదే దుప్పటి, అదే మూటగుడ్డ, బిడ్డను వీపున కట్టుకొనునదియు అదే. కాన్పునకు వచ్చునామె రెండుమూడు ఉతికిన చితెంజెలు వెంట తెచ్చుకొనును. నెలలు నిండకుండ పుట్టిన శిశువును తల్లి రొమ్మునకు రొమ్ము ఆనించి, దానితోనే గట్టిగా కట్టుదురు. తల్లి యొంటి వెచ్చదనమే శిశువునకు పెట్టె. కొలంబియా దేశపు బొగొటా నగరమున 1970వ దశాబ్దపు చివర మొదలైన ఈ పద్ధతిని మలావివారు తమ గుడ్డతో తమదిగా చేసికొనిరి. 1993లో కిలోన్నర బరువుగల శిశువు మా చేతిలో నిలుచుట అరుదు. ఈమారు అట్టివారిని పలువురను తల్లులు ఇంటికి గొనిపోయిరి.

మా పని యెట్లున్నదో చెప్పవలెను. మొదటిదినముననే మేము చేయలేనివి చెప్పివేసితిమి. పసికందు చేతినరమున సూది గ్రుచ్చుటకు మాలో ఒకరి కన్ను చాలదు. రెండుగంటలకు మించి నిలుచుటకు రెండవవారి నడుము చాలదు. రాత్రి రెండవజాము తరువాత పిలిచిన, లేచి వచ్చుటకు పదినిమిషములు పట్టును. నర్సులు ఇది విని, మాకొరకు శస్త్రాగారమున నొక ఎత్తుపీట వేయించిరి. ఉదయము పిల్లలవార్డు తిరుగుట, మధ్యాహ్నము రబ్బరుబొమ్మపై ఊపిరి పోయుట నేర్పుట, ఇది వైద్యురాలి పని. పుట్టినబిడ్డ ఏడ్వనిచో మొదటినిమిషముననే తుడిచి, వీపునిమిరి, తల సరిగానుంచి, ముసుగుతొడిగి సంచి నొక్కవలెను. చెప్పుటకు ఇంతే. చేతికి పట్టుబడుటకు నూరుమార్లు చేయవలెను. ఒక్క నర్సు మాత్రము నేర్వనక్కరలేకపోయెను. 1993లో ఆమె పదునెనిమిదేండ్ల పిల్ల, వార్డు తుడుచునది. ఇప్పుడు ప్రసూతివార్డునకు పెద్దనర్సు. మా పద్ధతులలో మాకే మరపు వచ్చినవి ఆమెకు జ్ఞప్తి యున్నవి.

ఆ దేశమున డాక్టర్లు తక్కువ. బ్లాంటైరున వైద్యకళాశాల 1991లోనే పుట్టినది. అందుచేత క్లినికల్ ఆఫీసర్లను వారు కొన్నియేండ్ల శిక్షణతో సిద్ధపడి, జిల్లాలలో సిజేరియన్ మొదలగు శస్త్రచికిత్సలు చాలవరకు తామే చేయుదురు. ఒక ఫిబ్రవరిరాత్రి, కవలపిల్లలను కన్న తల్లికి రక్తస్రావము పట్టినది. విద్యుత్తు పోయినది. ఇరువదియెనిమిదేండ్ల క్లినికల్ ఆఫీసరును పెద్దనర్సును నుదుట దీపములు కట్టుకొని పనిచేయుచుండిరి. గర్భాశయము బిగియుటకు సూదిమందులిచ్చిరి; చేతితో ఒత్తిరి; స్రావ మాగలేదు. 1993లో నైనచో మాలో శస్త్రవైద్యుడు అప్పుడే కత్తి చేతబట్టెడివాడు. గర్భసంచి తీసివేయుటయే అప్పటి యుపాయము, అదియు సగముమార్లు ఆలస్యమైపోయెడిది. ఈమారు ఆయన చేతికి తొడుగులు వేసికొని, పీటమీద కూర్చుండెను. నర్సు రబ్బరుతొడుగు నొక గొట్టమునకు దారముతో కట్టి, లోపలనుంచి, ఉప్పునీటితో నింపినది. నీరు నిండినకొలది ఆ బుడగ లోపలినుండి నొక్కి నెత్తు రాపును. బంగ్లాదేశపు వైద్యురాలు సయేబా అఖ్తరు గారు కనిపెట్టి 2003లో ప్రకటించిన యుపాయమిది. ఖర్చు చాల స్వల్పము. యువకుడు మావంక చూచి, "కోయవలెనా, అగోగో?" అని యడిగెను. "పదినిమిషములు చూడుము. నాడి నేను లెక్కపెట్టెదను" అని మావాడు రోగి మణికట్టు పట్టుకొనెను. పదినిమిషములు గడచినవి. తొడుగులు తడియకుండనే ఆయన విప్పివేసెను. తల్లి చెల్లెలు నెత్తురిచ్చినది. మూడవదినమున ఆ తల్లి రెండుచేతుల ఇద్దరు బిడ్డలతో సావడికి వచ్చి న్సీమా తిన్నది.

ఆ దేశపు లెక్కలు చూడుడు. కాన్పునకు సంబంధించి చనిపోవు తల్లులు లక్ష కాన్పులకు 2000వ సంవత్సరపు సర్వేలో 1,120 మంది. 2015-16 సర్వేలో 439 మంది. ఇప్పటికిని ఎక్కువే. కాని ఈ తగ్గుదల మా వంటి వచ్చిపోవువారివలన కలిగినది కాదు. అచ్చటివారు ఏండ్లతరబడి ఆ నుదుటిదీపములు కట్టుకొనుటవలన కలిగినది.

మేమొక బుధవారము ఎయిడ్సు మందులిచ్చు వసారాకు పోయితిమి. ముప్పదియేండ్లక్రింద మేము గంజిపోసి సాగనంపినట్టి రోగులే, ఇప్పుడు బలిసి, నవ్వుచు, పేనులు చూచుకొనుచు వరుసలో కూర్చుండిరి. మలావిలో ఈ మందులు ఉచితముగా నిచ్చుట 2004లో మొదలైనది. గర్భవతులందరికి, రోగము ముదురకమునుపే, జీవితాంతము మందు నిచ్చు పద్ధతిని 2011లో ముందుగా చేపట్టినదియు ఆ దేశమే. మునుపు ఈ మందులు ఏడాదికి పదివేల డాలర్లు దాటెడివి. 2001లో బొంబాయిలోని సిప్లా సంస్థ 350 డాలర్లకిచ్చెదనని ప్రకటించిన పిమ్మట దారి ఏర్పడినది. ఒక స్త్రీ తన సీసా మాకు చూపి ఏదో చెప్పినది. ఆమె చెప్పినది తెలియకమునుపే సీసాపై చిన్నయక్షరములు మా కంటబడినవి: హైదరాబాదు. మా అమ్మాయి యింటికి కొన్నిమైళ్ల దూరమున తయారైన మాత్రలు ఈమె చేతిలో నున్నవి. ఆమె చెప్పినదేమన, పదుమూడేండ్ల తన కూతురికి రోగము లేదని.

ఆ వసారాలోనే జనవరి చివర కొన్ని కుర్చీలు ఖాళీయైనవి. ఒక పెద్దదేశపు ప్రభుత్వము విదేశసహాయము నిలిపివేయగా, ఆ సొమ్ముతో జీతము పుచ్చుకొను రక్తపరీక్షకులును, ఊరూరు తిరిగి రోగులను పరామర్శించు పనివారును ఇండ్లకు పంపబడిరి. మాత్రలింకను ఉండెను, పరీక్షచేయువారు లేరు. అందులో ఇద్దరు స్త్రీలు జీతములేకయే మరునాడు వచ్చి తమ చీట్లపెట్టె తెరచుకొని కూర్చుండిరి. ఎన్నిదినములట్లు రాగలరు? వారికిని పిల్లలున్నారు, గాదెలు ఖాళీయే. మేము జీతములేక పనిచేయుటకును వారు చేయుటకును గల భేదము మాకు ఆనాడు బాగుగ తెలిసినది. మాకు పింఛను వచ్చును.

మా సొంతసుఖదుఃఖములు కొద్దిమాటలలో ముగింతుము. రేకులయింటిపై వాన పడునపుడు ఒకరిమాట ఒకరికి వినబడదు. దోమతెరలో దూరుటకును వెలువడుటకును ఒకరికొకరు చేయూత కావలెను. ఫిబ్రవరిలో శస్త్రవైద్యునకు మలేరియా వచ్చి మూడుదినములు పిల్లలవార్డు ప్రక్కగదిలోనే మంచము పట్టెను. ఇప్పటిమందు క్వినైనువంటిది కాదు. త్వరలోనే లేచి తిరిగెను. ఆ మూడుదినములును సావడినుండి ఎవరో ఒకరు గంజి తెచ్చి గడపకడ పెట్టి, "పెపానీ" యని పోవుచుండిరి. కష్టములో నున్నవారితో వారు చెప్పుమాట అది. అయ్యో పాపమని మనమన్నట్లే.

ఏప్రిలు నాటికి మొక్కజొన్న పండినది. కందిచేలు ఇంకను పచ్చగానే యుండెను. ఆసుపత్రి డాక్టరు శిక్షణ ముగించి వచ్చెను. ఆయనకు వార్డులప్పగించి మేము బయలుదేరితిమి. వచ్చేయేడు రెండునెలలకు రమ్మని అడిగిరి. వైద్యులు ఇద్దరిని చూచి, ఒకరిని సరేననిరి; రెండవవారి గుండెపరీక్ష ఇంకను కావలసియున్నది. అందాక ఇంటివద్ద చేయదగిన పని యొకటి పెద్దనర్సు చెప్పి పంపినది. తల్లి రొమ్మున కట్టిన చిన్నశిశువులకు తలలోనుండియే వేడి పోవును, టోపీలు చాలవట. కిలోన్నర శిశువునకు చుట్టుకొలత 28 సెంటిమీటర్లు. మెత్తని ఊలుతో, కుట్టు లోపలివైపు గరుకు తగులకుండ, కట్టుత్రాళ్లు లేకుండ అల్లవలెను. త్రాడు మెడకు చుట్టుకొనును గనుక. మా మనుమరాలు ఇప్పటికి పదునొకండు అల్లినది. అందు నాలుగింటిని, చుట్టుకొలత పెద్దదైనందున, అవ్వ విప్పించి మరల అల్లించుచున్నది.